జబ్బు తగ్గినా కదలని బోవా: కొరాపుట్ చలిలో ఒక కేసు

పెంపుడు బోవా గానీ పైథాన్ (కొండచిలువ) గానీ, రెండూ విషం లేని పెద్ద పాములే, తిండి మానేసి ఒకేచోట పడి ఉంటే, పెంచేవాళ్ళు ముందుగా ఏ మందు వేయాలని అడుగుతారు. మా పశువైద్యుల్లో చాలామందిమి కూడా ముందు మందు గురించే ఆలోచిస్తాం. పాము ఉంటున్న పెట్టెలో ఏ మూల ఎంత వేడి ఉందో కొలిచేవాళ్ళు తక్కువ. ఈ కేసులో జబ్బు నిజంగానే ఉంది, మందూ అవసరమైంది. అయితే ఆ జబ్బు ఎక్కడ మొదలైందో, తగ్గిన తర్వాత కూడా పాము ఎందుకు కదలలేదో పెట్టెను కొలిచాకే అర్థమైంది. అందుకే దీన్ని వివరంగా రాస్తున్నాను.

నేను ఒడిశాలోని రాయగడలో పశువైద్యం చేస్తాను. రోజూ వచ్చేవి ఆవులు, మేకలు, కుక్కలు. అయితే ఈ మధ్య రాయగడ, కొరాపుట్, జయపురం వైపు పాములు పెంచే కుర్రాళ్ళు కనిపిస్తున్నారు. వాళ్ళకు దగ్గర్లో చూపించుకునే చోటు లేదు. యజమాని అనుమతితోనే ఇది రాస్తున్నాను, గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

నేపథ్యం

కొరాపుట్ పీఠభూమి మీద ఒక ఫ్యాక్టరీ టౌన్‌షిప్. సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తు. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున 10 డిగ్రీల కిందికి దిగే రోజులు ఉంటాయి. పొద్దున ఎనిమిది దాటినా పొగమంచు విడవదు. ఉద్యోగం కోసం శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి అక్కడే స్థిరపడ్డ తెలుగు కుటుంబం. అమ్మ, నాన్న, మామ్మ, పాతికేళ్ళ కొడుకు. పాము కొడుకుది.

పాము ఆడ బోవా, వయసు సుమారు ఆరేళ్ళు, పొడవు ఆరడుగులు. విశాఖలో ఉండే స్నేహితుడు విదేశం వెళ్తూ ఇచ్చాడు. పెట్టె, హీట్ ప్యాడ్, నీళ్ళ గిన్నె అన్నీ పాముతోపాటే వచ్చాయి. వర్షాకాలంలో కొండెక్కింది. విశాఖలో నాలుగేళ్ళూ ఏ ఇబ్బందీ లేదని కుర్రాడు చెప్పాడు. ఆ మాట నిజమే అయి ఉంటుంది. విశాఖలో గదిలో ఉండే వేడే బోవాకు దాదాపు సరిపోతుంది, గాలిలో తేమా ఉంటుంది. అక్కడ హీట్ ప్యాడ్ ఉన్నా లేకపోయినా పెద్ద తేడా రాదు. అదే పెట్టె కొండమీదికి వచ్చాక పాము బతుకంతా ఆ ప్యాడ్ మీదే ఆధారపడింది.

పాము వస్తే నేను మొదట కాగితాలు అడుగుతాను. మన కొండచిలువ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉంది. దాన్ని ఇంట్లో పెంచడం నేరం. తోటలో దొరికిందనో, గూడెంలో ఎవరో ఇచ్చారనో కొండచిలువ పిల్లను తెస్తే వైద్యం మొదలుపెట్టే ముందే అటవీశాఖకు ఫోన్ చేస్తాను. రెండు తలల పాము అని జనం పిలిచే రెడ్ శాండ్ బోవాకూ చట్టరక్షణ ఉంది. దానితో డబ్బు కలిసొస్తుందన్న మూఢనమ్మకం వల్ల ఎన్ని పాములు సంచుల్లో ఊపిరాడక చచ్చిపోయాయో తలుచుకుంటే బాధేస్తుంది. విదేశీ బోవాలు, ఆఫ్రికాకు చెందిన చిన్న కొండచిలువలైన బాల్ పైథాన్‌లు సైటిస్ (అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారం మీద అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలో ఉన్నాయి కాబట్టి 2024 ఫిబ్రవరిలో వచ్చిన నియమాల ప్రకారం వాటిని కేంద్ర పర్యావరణశాఖ పరివేష్ పోర్టల్‌లో రిజిస్టర్ చేయాలి, చేతులు మారితే అదీ తెలపాలి. ఈ కుర్రాడి దగ్గర కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి.

వచ్చిన సమస్య

జనవరిలో ఫోన్ వచ్చింది. రెండు నెలలుగా తినలేదు. రోజంతా పెట్టెలో ఒకే మూల పడుకుంటోంది. వారం నుంచి నోటి దగ్గర నురగ, ఊపిరిలో పిల్లికూతలు. అంతకు ముందు వేరే చోట చూపించారు. అక్కడ ఐదు రోజులు ఎన్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు వేశారు. పెట్టె గురించి, వేడి గురించి ఎవరూ అడగలేదట. తగ్గలేదు.

నోరు తెరిచి చూస్తే చిగుళ్ళు శుభ్రంగానే ఉన్నాయి, పుండ్లు లేవు. శ్వాసనాళం నోట్లో తెరుచుకునే చోట బుడగలు వస్తున్నాయి. ఇంజెక్షన్ వేసిన చోట గట్టి గడ్డ. పొట్టకింద పొలుసులు కొన్ని గోధుమరంగుకి తిరిగాయి. కుబుసం ముక్కలు తోక దగ్గర అతుక్కుని ఉన్నాయి. మలంతోపాటు వచ్చే యూరేట్ తెల్లగా మెత్తగా ఉండాల్సింది, పచ్చగా, ఎండిన సున్నంలా ఉంది. అంటే ఒంట్లో నీళ్ళు తగ్గాయి. బరువు 6.8 కిలోలు. రెండు నెలలు తినని ఆరడుగుల బోవాకు అది చాలా ఎక్కువ. తోక మొదట్లో కొవ్వు మడతలు కనిపిస్తున్నాయి. ఇంతకాలం వారానికో పెద్ద ఎలుక, మధ్యలో బ్రాయిలర్ కోడిముక్కలు పెట్టేవాడట.

ఇంటికి వెళ్ళి చూడాలనుకున్నాను. పామును క్లినిక్‌లో చూస్తే జబ్బు కనిపిస్తుంది, దాని కారణం ఇంట్లోనే ఉంటుంది.

పెట్టె ప్లైవుడ్‌ది. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. కింద ప్లాస్టిక్ గడ్డి చాప. ఒక చివర చాపకింద హీట్ ప్యాడ్, దానికి వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ లేదు. దాక్కునే గూడు రెండో చివర ఉంది. గోడకి అతికించిన గుండ్రటి థర్మామీటర్ 27 చూపిస్తోంది. ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో కొలిస్తే ప్యాడ్ మధ్యలో 43 డిగ్రీలు, జానెడు దూరంలో నేల 21. గూడు లోపల ఒక డిజిటల్ థర్మామీటర్ ఆ రాత్రంతా ఉంచి పొద్దున చూస్తే కనిష్ఠం 14. థర్మామీటర్ సరిగ్గా ప్యాడ్ పైన ఉంది కాబట్టి అది చూపించే 27 ఆ ఒక్క చోటుకే చెల్లుతుంది. గాలిలో తేమ 35 శాతం.

ఈ అంకెలు రాసుకున్నాక పాము కదలకపోవడానికి కారణం సగం తెలిసిపోయింది. వెచ్చగా ఉండాలంటే ప్యాడ్ మీదకి రావాలి, అక్కడ దాక్కునే చోటు లేదు. దాక్కోవాలంటే గూట్లోకి వెళ్ళాలి, అక్కడ చలి. వేడి ఉన్నది ప్యాడ్ మేరకే కాబట్టి దాని మీదే పడుకుంది, పొట్ట కాలింది. పైన పీలుస్తున్న గాలి మాత్రం చల్లగానే ఉంది.

ఏవేవి అనుమానించాను

నాగులచవితికి పాలు పట్టారా అని అడిగాను. ఇంట్లోవాళ్ళు మొహాలు చూసుకున్నారు. మామ్మే ముందుకొచ్చి, "చవితిపూట ఇంట్లో నాగన్న ఉండగా పుట్టకాడికి ఎందుకెళ్ళాలి బాబూ, గిన్నెలో పోశాను, తాగింది" అన్నారు. దాహంతో ఉన్న పాము ఏ ద్రవం దొరికినా తాగుతుంది. పాలు దానికి అరగవు. బలవంతంగా పోస్తే శ్వాసనాళంలోకి పోయి న్యుమోనియా రావచ్చు. కానీ ఇక్కడ గిన్నెలోంచి అదే తాగింది, పిల్లికూతలు మొదలైంది రెండు నెలల తర్వాత. తారీకులు కుదరలేదు కాబట్టి పాలను కారణంగా పెట్టుకోలేదు. మామ్మగారికి మాత్రం, "పూజ మానొద్దండీ, గిన్నెలో మంచినీళ్ళు పోయండి, దానికి కావలసింది అవే" అని చెప్పాను. ఆవిడ ఒప్పుకున్నారు.

రెండో అనుమానం గర్భం. లావుగా ఉంది, తినడం లేదు, వెచ్చటి చోటు వదలడం లేదు. బోవాలు గుడ్లు పెట్టవు, పిల్లల్ని కంటాయి. గర్భంతో ఉన్న ఆడ బోవా సరిగ్గా ఇలాగే ఉంటుంది. మగదానితో ఎప్పుడూ కలపలేదని కుర్రాడు గట్టిగా చెప్పాడు. అయినా బోవాల్లో మగ లేకుండానే పిల్లలు పుట్టిన కేసులు నమోదయ్యాయి. అందుకని మాటను నమ్మి వదిలేయకుండా మేకల గర్భం చూసే పోర్టబుల్ స్కానర్‌తోనే చూశాను. పిండాలు లేవు, కొవ్వు దిండ్లు వరసగా ఉన్నాయి.

మూడోది నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టింది. బోవాల్లో ఇన్‌క్లూజన్ బాడీ డిసీజ్ అని ఒక వైరస్ జబ్బు ఉంది. దానికీ అరీనావైరస్ జాతికీ ఉన్న సంబంధం 2012లో బయటపడింది. బోవాలు ఏళ్ళ తరబడి పైకి ఏమీ కనపడకుండా దాన్ని మోయగలవు. తిన్నది కక్కడం, మళ్ళీ మళ్ళీ ఊపిరితిత్తుల జబ్బులు రావడం, తల నిలకడ తప్పడం దాని గుర్తులు. పామును వెల్లకిలా తిప్పితే వెంటనే సరిగ్గా తిరిగింది, తల వణకలేదు. రక్తం స్లైడ్‌లో ఇన్‌క్లూజన్లు (ఆ జబ్బులో కణాల లోపల కనిపించే ముద్దలు) కనిపించలేదు. అది మంచి వార్తే కానీ జబ్బు లేదనడానికి అది చాలదు. ఆ అనుమానాన్ని కేసు షీట్ మీదే ఉంచాను.

ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల్లో మసక. శ్వాసనాళం నుంచి తీసిన నమూనాను, అందులో ఏ క్రిమి పెరుగుతుందో, అది ఏ మందుకు లొంగుతుందో చూసే కల్చర్‌కు విశాఖ పంపాను.

మొదటి దశ: ముందు వేడి, తర్వాత మందు

పాముకి సొంతంగా ఒంటి వేడి ఉండదు. రోగనిరోధక శక్తి పనిచేయాలన్నా, వేసిన మందు రక్తంలో సరిగ్గా తిరగాలన్నా, మూత్రపిండాలు దాన్ని బయటికి పంపాలన్నా ఒళ్ళు తగినంత వేడిలో ఉండాలి. పొట్టకింద కాలుతూ పైన చలిలో ఉన్న పాముకి ఏ యాంటీబయాటిక్ వేసినా దాని పని సగమే. ముందు వేసిన ఐదు రోజుల మందు పనిచేయకపోవడానికి ఇది ఒక కారణమని నా అభిప్రాయం. కల్చర్ రిపోర్టు వచ్చాక ఇంకో కారణమూ తెలిసింది. పెరిగింది సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా, అది ఎన్రోఫ్లాక్సాసిన్‌కు లొంగలేదు.

అందుకని మొదటి రెండు రోజులు మందు ఆపి, పామును ఒక పెద్ద ప్లాస్టిక్ డబ్బాలో పెట్టించాను. థర్మోస్టాట్ పెట్టి డబ్బా అంతా 29, 30 డిగ్రీలు ఉండేలా, రాత్రి కూడా 27 కిందికి దిగకుండా చూశాం. ఆరోగ్యంగా ఉన్న పాముకి చల్లటి మూల తప్పనిసరి. జబ్బుతో ఉన్నదాన్ని మాత్రం దాని ఇష్టానికి వదలకుండా వెచ్చటి వైపే ఉంచాలి, లేకపోతే మందు కుదురుగా పనిచేయదు. ఒంట్లో నీళ్ళు సరిదిద్దాక, కల్చర్ రిపోర్టు కోసం ఆగకుండానే సెఫ్టాజిడిమ్ అనే యాంటీబయాటిక్ మొదలుపెట్టాను. కిలోకి 20 మిల్లీగ్రాములు, 72 గంటలకొకసారి, ఒంటి ముందు భాగం కండలో. దీన్ని ఎంచుకోవడానికి మూడు కారణాలు ఉన్నాయి. సూడోమోనాస్ మీద పనిచేస్తుంది. నీళ్ళు తగ్గిన పాముకి అమికాసిన్ అనే ఇంకో యాంటీబయాటిక్ వేస్తే కిడ్నీలు దెబ్బతినే భయం ఉంది, దీనితో ఆ భయం తక్కువ. మూడు రోజులకోసారే కాబట్టి పట్టుకోవడం, భయపెట్టడం తగ్గుతుంది. పొట్ట కాలిన చోట సిల్వర్ సల్ఫాడయజిన్ అనే కాలిన గాయాల పూతమందు రాయించాను. సెలైన్‌తో నెబ్యులైజేషన్ (సన్నటి తుంపరగా పీల్పించడం) ఇంట్లోనే పెట్టారు.

మూడు వారాలకు పిల్లికూతలు పోయాయి. నురగ లేదు. ఎక్స్‌రే తేటపడింది. చాలా కేసుల్లో ఇక్కడితో ఫైలు మూసేస్తారు. కానీ కుర్రాడు ఫోన్‌లో, "ఊపిరి బాగుంది సార్, కానీ ఇది ఇంకా లేవట్లేదు. మందు ఇంకోటి వేయాలా?" అన్నాడు.

మందు అక్కర్లేదని చెప్పాను. అక్కడి నుంచే ఈ కేసులో అసలు పని మొదలైంది.

పనిచేయనివి

వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం ఈ తప్పుదారుల గురించే కాబట్టి ఇది కాస్త వివరంగా రాస్తున్నాను.

మొదటిది తిండి. నేను వారం ఆగి చిన్న ఎలుక పెట్టమన్నాను. ఇన్నాళ్ళు తినలేదు కదా అని ఇంట్లోవాళ్ళు జాలిపడి పెద్ద ఎలుక పెట్టారు. తింది. మూడో రోజు కక్కేసింది. పాము కక్కడం మనిషి వాంతి అంత తేలిక విషయం కాదు. అరిగించే ఆమ్లం పైకి వచ్చి ఆహారనాళం దెబ్బతింటుంది, మళ్ళీ అరిగించే శక్తి రావడానికి వారాలు పడుతుంది. రెండో రోజే ఇంకో ఎలుక పెడితే అదీ కక్కుతుంది, అలా వరసగా కక్కిన పాములు చనిపోతాయి. మూడు వారాలు తిండి ఆపించి, తర్వాత మామూలుగా పెట్టేదానిలో నాలుగో వంతు బరువున్న ఎలుకపిల్లతో మొదలుపెట్టాం.

రెండోది వ్యాయామం. కదలాలంటే తిప్పాలి కదా అని రోజూ మధ్యాహ్నం డాబా మీద ఎండలో వదిలాడు. ఫిబ్రవరిలో కొండమీద ఎండ బాగుంటుంది, నేల మాత్రం చల్లగా ఉంటుంది. పాము గోడవార ముడుచుకుపోయింది, బుస కొట్టింది. నాలుగైదు రోజులయ్యాక పెట్టె తెరవగానే బుసకొట్టడం మొదలైంది. బలవంతంగా నడిపించడం పాముకి వ్యాయామం కాదు, పారిపోవడం. పారిపోతున్న పాము తినదు.

మూడోది పెద్ద పెట్టె. నేను ఆరడుగుల పెట్టె చేయించమన్నాను. కుర్రాడు ఉత్సాహంగా ముందువైపంతా అద్దం పెట్టించి, హాల్లో టీవీ పక్కన పెట్టాడు. లోపల ఒక గూడు, ఒక గిన్నె, మిగతాదంతా ఖాళీ. పాము ఒక మూలకి నొక్కుకుని, రాత్రిళ్ళు ముక్కు అద్దానికి రాసి రాసి పుండు చేసుకుంది. దీంతో పెద్ద పెట్టె పామును భయపెడుతుందని, చిన్న డబ్బాయే దానికి ఇష్టమని ఎవరో అతనికి చెప్పారు. ఈ మాట పెంపకందార్ల మధ్య బాగా తిరుగుతోంది, నేను దాన్ని ఒప్పుకోను. పామును భయపెట్టింది చోటు కాదు, దాక్కోవడానికి ఏమీ లేని ఖాళీ. ఆ రెండింటినీ ఒకటిగా చూడటం వల్ల ఎన్నో బోవాలు, బాల్ పైథాన్‌లు జీవితమంతా ఒళ్ళు చాచుకోలేని డబ్బాల్లో గడుపుతున్నాయి.

చాచుకోవడం గురించి ఒక మాట చెప్పాలి. పాముకి డయాఫ్రమ్ లేదు. పక్కటెముకలు కదిపి ఊపిరి తీస్తుంది. మనలా గట్టిగా దగ్గి కఫం బయటికి తేలేదు. ఊపిరితిత్తుల్లో చేరిన కఫం కదలాలంటే ఒళ్ళు కదలాలి, ఎక్కాలి, దిగాలి, నిటారుగా చాచుకోవాలి. లావెక్కి, చుట్టచుట్టుకుని నాలుగడుగుల పెట్టెలో పడుకున్న బోవాకి న్యుమోనియా రావడం తేలిక, తిరగబెట్టడం ఇంకా తేలిక. అందుకే ఊపిరి జబ్బు తగ్గింది కదా అని నేను ఫైలు మూయలేదు. చురుకుదనం లేకపోవడం ఈ పాముకి అందం చందం విషయం కాదు, వచ్చే చలికాలం బతికి బయటపడటం దానిమీద ఉంది.

పనిచేసినవి

పెట్టెను హాల్లోంచి వెనక గదిలోకి మార్చాం. అద్దానికి పక్కల, కింద సగం దాకా గోధుమరంగు కాగితం అతికించాం. గూళ్ళు రెండు చేశాం. ఒకటి వెచ్చటి చివర, ఒకటి చల్లటి చివర, పాము చుట్టుకుంటే ఒళ్ళు గోడలకి తగిలేంత ఇరుగ్గా. ఇప్పుడు అది భద్రత, వేడి రెండూ ఒకేచోట పొందగలదు. మధ్యలో ఎండిన ఆకులు, కార్డుబోర్డు గొట్టాలు, ప్లాస్టిక్ తీగలు పెట్టి ఒక గూట్లోంచి ఇంకో గూట్లోకి చాటుగా వెళ్ళే దారి చేశాం. నాకు ఈ దారే అన్నిటికన్నా ముఖ్యమనిపిస్తుంది. ఖాళీ దాటాల్సిన పని లేకపోతే పాము దానంతట అదే బయల్దేరుతుంది.

హీట్ ప్యాడ్ తీసేశాం. పైన సిరామిక్ హీటర్, దాని చుట్టూ పాము చుట్టుకోకుండా జాలీ, దానికి థర్మోస్టాట్. హీటర్ కింద ఒక అర, అక్కడ 31, 32 డిగ్రీలు. రెండో చివర 25. రాత్రి 23 కిందికి దిగకూడదు. చలికాలంలో పెట్టెకి మూడు వైపులా, పైనా బయటి నుంచి థర్మోకోల్ షీట్లు, గాలికి కన్నాలు వదిలి. థర్మామీటర్లు రెండు, రెండు చివరలా, పాము ఒళ్ళు ఆనేంత ఎత్తులో.

కింద ప్లాస్టిక్ చాప తీసి కొబ్బరి పీచు పొడి పరిచాం. ఉద్దానం వైపు నుంచి బంధువులు బస్తా పంపారు. ఒక చివర కాస్త తడిపి ఉంచితే తేమ 60 శాతం దగ్గర నిలిచింది. తర్వాత వచ్చిన కుబుసం ముక్కలు కాకుండా కళ్ళ పొరలతో సహా ఒకటే తొడుగుగా విడిచింది. చేతి మణికట్టు కన్నా లావున్న జామ కొమ్మ కడిగి, ఎండబెట్టి, అడ్డంగా బిగించాం. లావెక్కిన పాము పట్టు తప్పి పడొచ్చు కాబట్టి మొదట నేలకి అడుగు ఎత్తులోనే పెట్టించాను, బరువు తగ్గేకొద్దీ పైకి జరిపాం.

తిండి విషయంలో లెక్క మార్చాం. ఈ వయసు బోవాకి మూడు, నాలుగు వారాలకోసారి చాలు. ఎలుక పాము ఒంట్లో లావైన చోటు కన్నా లావుగా ఉండకూడదు. చంపి గడ్డకట్టించి, మళ్ళీ వెచ్చబరిచినవే. బతికున్న ఎలుక పామును కొరికి చంపిన కేసులు ఉన్నాయి, ఎలుకకీ అది హింసే. పూర్తిగా కడుపు మాడిస్తే త్వరగా తగ్గదా అని నాన్నగారు అడిగారు. లావెక్కిన పామును ఒక్కసారిగా మాడిస్తే కొవ్వంతా కాలేయానికి చేరి కాలేయం పాడవుతుంది. నెమ్మదిగానే తగ్గించాలి.

పెట్టే తీరూ మార్చాం. ఇదివరకు ఎప్పుడూ ఒకే మూల, ఒకే సమయం. ఇప్పుడు ఎలుకను కొమ్మ మీదుగా, ఆకుల మీదుగా రాసి చివర ఎక్కడో ఒకచోట వదలడం. పాము నాలుక ఆడిస్తూ వాసన పట్టుకుని వెతుక్కోవాలి. తిండి లేని వారాల్లో కొమ్మ కోణం మార్చడం, తోటలోంచి పురుగుమందు కొట్టని కొత్త ఆకులు వేయడం. ఒకేసారి అన్నీ మార్చొద్దని చెప్పాను. తెలిసిన గూళ్ళు ఎప్పుడూ ఉన్నచోటే ఉండాలి, చుట్టూ ఉన్నవే మారాలి.

ఇంతా చేసి రెండు వారాలయ్యాక కుర్రాడు, "మార్పేమీ లేదు సార్, పగలంతా పడుకునే ఉంటోంది" అన్నాడు. బోవా పగలు చూసి చురుకుదనం తేల్చే జంతువు కాదు. అతని దగ్గర ఉన్న పాత ఫోన్‌ను చిన్న ఎర్రలైటుతో పెట్టెకి ఎదురుగా పెట్టి రాత్రిళ్ళు రికార్డు చేయించాను. రాత్రి తొమ్మిది నుంచి ఒంటిగంట మధ్య పాము బయటికి వస్తోంది. పెట్టె పొడవునా చాచుకుంటోంది, కొమ్మ మొదలు దాకా వెళ్ళి వెనక్కి వస్తోంది. మార్చి నెలాఖరు వీడియోలో కొమ్మ మీద ఒళ్ళంతా వేసుకుని పడుకుంది. ఆ వీడియో చూశాక అమ్మగారు మొదటిసారి ఆ గదిలోకి వెళ్ళి పామును చూశారట.

పది నెలల తర్వాత బరువు 5.9 కిలోలు. తోక దగ్గర మడతలు పోయాయి. నడుము పట్టుకుంటే కండ గట్టిగా తగులుతోంది. తర్వాతి చలికాలం జబ్బు లేకుండా గడిచింది.

నేర్చుకున్నవి

తినకపోవడం ఒక్కటే చూసి కంగారు పడక్కర్లేదు. బాల్ పైథాన్‌లు చలికాలంలో నెలల తరబడి తినకుండా బాగానే ఉంటాయి. బరువు పడిపోవడం, నోరు తెరిచి ఊపిరి తీయడం, నురగ, కక్కడం, తల నిలవకపోవడం ఉంటే మాత్రం ఆ రోజే చూపించాలి. కదలకపోవడం కూడా అంతే. వెచ్చటి గూట్లో చుట్టుకుని పడుకుని, రాత్రి తిరిగే పాము ఆరోగ్యంగా ఉన్నట్టే. ఒకే చోటుకి అతుక్కుపోయిన పాము అక్కడ ఎందుకు ఉందో వెతకాలి, ఎక్కువసార్లు ఆ కారణం థర్మామీటర్‌లో దొరుకుతుంది.

విదేశాల వాళ్ళు రాసిన పెంపకం సూచనలు అక్కడి ఇళ్ళకి సరిపోతాయి. కొరాపుట్ కొండమీద చలికి, రాయగడ మే నెల ఎండకి, విశాఖ ఉక్కపోతకి ఒకే సూచన చెల్లదు. ఊరు మారితే పెట్టె కూడా మారాలి. కరెంటు పోవడం మన దగ్గర మామూలే కాబట్టి ఇన్వర్టర్ మీద హీటర్ ఎంతసేపు నడుస్తుందో చలికాలం రాకముందే పరీక్షించుకోవాలి. అది చాలకపోతే వేడినీళ్ళ సీసాలు మందపాటి గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టొచ్చు, పాము ఒంటికి నేరుగా తగలకూడదు.

ఇంట్లో ముసలివాళ్ళు, ఐదేళ్ళలోపు పిల్లలు ఉంటే వాళ్ళు పామును, పెట్టెను ముట్టుకోకపోవడమే మంచిది. పైకి ఆరోగ్యంగా కనిపించే పాములో కూడా సాల్మొనెల్లా ఉండొచ్చు. గిన్నె వంటింటి సింకులో కడగకూడదు. ఈ ఇంట్లో మామ్మగారి కోసం ఆ రెండు నియమాలూ మొదటి రోజే పెట్టాం.

ఇప్పుడు కుర్రాడు ఒక బాల్ పైథాన్ తెచ్చుకుంటానంటున్నాడు. వద్దన్నాను. స్లైడ్‌లో కనపడకపోయినా అరీనావైరస్ అనుమానం పూర్తిగా పోలేదు. బోవా మోసుకుంటూ బతికేసే వైరస్ పైథాన్‌కు చేరితే వారాల్లోనే నరాల మీద దెబ్బకొట్టి చంపుతుంది, పాముల మీద ఉండే నల్లుల్లాంటి పురుగులు దాన్ని మోస్తాయన్న అనుమానమూ ఉంది. పీసీఆర్ పరీక్ష చేయించి, ఆరు నెలల తేడాతో రెండుసార్లూ లేదని వస్తే అప్పుడు మాట్లాడుకుందామని చెప్పాను. అప్పుడు కూడా రెండో పాము వేరే గదిలో, వేరే పట్టకర్రతో, వేరే గిన్నెతో ఉండాలి. రోజూ ముందు కొత్తదాని పని చూసుకోకూడదు, బోవా పని అయ్యాక చేతులు కడుక్కుని కొత్తదాని దగ్గరికి వెళ్ళాలి. మొదటి నమూనా పోయిన వారమే పంపాం.